మన పాటల పెట్టె – 4వ పాఠం: పాటకి అట్టబొమ్మ అతికిద్దాం

పోయిన పాఠం చివర్లో ఒక పని ఇచ్చాను. కంప్యూటర్‌లో ఏదో ఒక సినిమా పాటల ఫోల్డర్ తీసుకుని, అన్ని పాటలకీ ఆల్బమ్ పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా పెట్టమని, పాట ఫైల్ వివరాల్లో ఉండే ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో సంగీత దర్శకుడి పేరు రాయమని. చేశారా? చేయకపోతే ముందు అది చేసి రండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు. మన సినిమా పాటల్లో ఒకటి ఘంటసాల ఒక్కరే పాడతారు, ఇంకోటి సుశీలతో కలిసి పాడతారు, మూడోది జానకి పాడతారు, అందుకని ఆల్బమ్ ఆర్టిస్ట్ గడి ఖాళీగా ఉంటే చాలా ప్లేయర్లు ఒక్క సినిమాని మూడు నాలుగు ముక్కలు చేసి చూపిస్తాయి. అప్పుడు మీరెంత మంచి బొమ్మ పెట్టినా అదే అట్ట నాలుగుసార్లు కనిపిస్తుంది, అంతే.

ఇవాళ బొమ్మ సంగతి, అంటే పాట మోగేటప్పుడు ప్లేయర్ తెర మీద కనిపించే ఆల్బమ్ అట్ట ఫోటో. చాలాకాలం నేనూ దీన్ని సోకు కిందే లెక్కేశాను, పాట వినడానికి బొమ్మెందుకు అని. మా అమ్మకి ఒక పాత ట్యాబ్‌లో పాటలు వేసిచ్చాక తెలిసొచ్చింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నా ఫైళ్ల పేర్లన్నీ అప్పట్లో ఇంగ్లీషులోనే ఉండేవి, పైగా కళ్లజోడు ఎప్పుడూ పక్కగదిలోనే ఉంటుంది. వారం తర్వాత చూస్తే రోజూ ఒకే సినిమా పాటలు వింటోంది. అదేంటమ్మా అంటే, "దానికొక్కదానికే బొమ్మ ఉందిరా, మిగతావన్నీ బూడిదరంగు కొక్కేలే" అంది. కొక్కేలంటే ఆ సంగీతం గుర్తు. అప్పట్నుంచి నేను బొమ్మ పెట్టినప్పుడల్లా ఒకటే చూసుకుంటాను, దీన్ని అమ్మ కళ్లజోడు లేకుండా గుర్తుపడుతుందా లేదా అని. మీ ఇంట్లో ఎవరో ఒకరు ఇలాంటివాళ్లు ఉంటారు, ఈ పాఠం అంతా వాళ్లని మనసులో పెట్టుకుని చేయండి.

బొమ్మ ఉండేది ఎక్కడ

రెండు చోట్ల ఉండొచ్చు. ఒకటి, పాటలున్న ఫోల్డర్‌లోనే పక్కన ఒక ఫోటో ఫైల్‌గా, దానికి ఫోల్డర్ అనో కవర్ అనో పేరు పెట్టి. రెండు, పాట ఫైల్ లోపలే. నేను రెండూ చేస్తాను, కానీ ఒక్కటే చేసే ఓపిక ఉంటే లోపల పెట్టండి. పాటని ఒక్కదాన్నే తీసి పెన్‌డ్రైవ్‌లో వేసినా, చెల్లెలికి పంపినా బొమ్మ దాంతోపాటే వెళ్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది, ఫోన్‌లో విడిగా ఉన్న అట్టబొమ్మలు గ్యాలరీలోకి చొరబడి పెళ్లి ఫోటోల మధ్యలో తేలతాయి. వాటిని దాచాలని నోమీడియా ఫైల్ (ఈ ఫోల్డర్‌లోవి చూపించొద్దని ఫోన్‌కి చెప్పే ఫైల్) పెట్టారనుకోండి, చాలా ప్లేయర్లలో పాటలు కూడా మాయమైపోతాయి.

లోపల అంటే ఎక్కడ? ఎంపీ3 ఫైల్‌లో పాటతోపాటు ఐడీ3 అనే ఒక చీటీ ఉంటుంది. దాని మొదటి రకం ఫైల్ చివర్న ఉండే 128 బైట్ల బుల్లి చీటీ, పాట పేరుకి 30 అక్షరాలు, పాడినవాళ్లకి 30, ఆల్బమ్‌కి 30, ఇక బొమ్మకి చోటెక్కడిది. రెండో రకంలో చీటీ ఫైల్ మొదట్లోకి వచ్చింది, కావలసినంత పెరుగుతుంది, బొమ్మ కూర్చునేది అందులోనే. ఈ "మొదట్లో" అన్న మాట గుర్తుపెట్టుకోండి. ముందు భాగంలో బొమ్మంత ఖాళీ లేకపోతే సాఫ్ట్‌వేర్ పాటని మొత్తంగా వెనక్కి జరిపి ఫైల్‌ని తిరగరాస్తుంది. అందుకే మొదటిసారి బొమ్మ పెట్టినప్పుడు ఆలస్యమవుతుంది, పెన్‌డ్రైవ్ మీదైతే మరీను. ఆ తిరగరాసే మధ్యలో కరెంటు పోతే, లేదా అయిపోయిందనుకుని పెన్‌డ్రైవ్ లాగేస్తే ఆ పాట పోయినట్టే. నాకు ఒక కచేరీ రికార్డింగ్ అలాగే సగానికి తెగింది, దానికి రెండో కాపీ లేదు. కాబట్టి పని ఎప్పుడూ కంప్యూటర్‌లో ఉన్న కాపీ మీదే చేయండి, అసలుని కదపకండి, అంతా అయ్యాక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి.

ఎంపీ3 కాక ఫ్లాక్, ఎం4ఏ అనే రకాల పాటల ఫైళ్లలో కూడా బొమ్మకి లోపల చోటుంది, పద్ధతి వేరైనా మనం నొక్కే బటన్లు అవే. వేవ్ ఫైళ్లలో మాత్రం ఒక ప్లేయర్ చూపించింది ఇంకోటి చూపించదు, వాటిని ఫ్లాక్‌లోకి మార్చుకోండి, శబ్దం నాణ్యత ఏమీ తగ్గదు.

బొమ్మ ఎక్కడ దొరుకుతుంది

కొత్త ఆల్బమ్‌లకి పెద్ద కష్టం లేదు. పాటల వివరాలు పోగుచేసే మ్యూజిక్‌బ్రెయిన్జ్, పాత వెబ్‌పేజీలూ పుస్తకాలూ దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ కలిసి నడిపే కవర్ ఆర్ట్ ఆర్కైవ్ అనే అట్టబొమ్మల నిలవ 2012 నుంచి ఉంది, పికార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆల్బమ్‌ని గుర్తుపట్టి అక్కడినుంచి అట్టని తనే తెచ్చి పెడుతుంది. నేను వెతికినంతలో పాత తెలుగు సినిమాలకి మాత్రం అందులో దొరికేది తక్కువ. దొరక్కపోతే మనవాళ్లు చేసేది ఒకటే, నెట్‌లో సినిమా పోస్టర్ వెతికి పెట్టేయడం. పోస్టరేమో నిలువుగా ఉంటుంది, ప్లేయర్‌లో గడేమో చదరం, కోస్తే హీరో నుదురైనా పోతుంది, సినిమా పేరైనా పోతుంది. పైగా ఆ పోస్టర్ చాలాసార్లు వీడియో సీడీ రోజుల్లో చేసిందై ఉంటుంది, మన ఇంట్లో ఆ పాటలు మోగిన రోజులతో దానికి ఏ సంబంధమూ ఉండదు. ఒకసారి నేను ఎక్కడినుంచో తళతళలాడే పోస్టర్ తెచ్చి పెడితే అమ్మ దాన్ని దాటుకుని వెళ్లిపోయింది. అటక మీది క్యాసెట్ దించి దాని అట్ట ఫోటో తీసి పెట్టాక, వెంటనే వేలు పెట్టి నొక్కింది. ఆవిడకి గుర్తున్నది సినిమా కాదు, ఆ క్యాసెట్.

అందుకే నా సలహా, మీ ఇంట్లో అసలు వస్తువు ఉంటే దాని అట్టనే వాడండి.

సీడీ అయితే సులువు. లోపలి పుస్తకం 12 సెంటీమీటర్ల చదరం, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే 1400 పిక్సెళ్లు దాటుతుంది, మనకి చాలు. ఎల్పీ అట్ట 12 అంగుళాలు దాటి ఉంటుంది, ఇంట్లో ఉండే ఏ4 స్కానర్ గాజు మీద పట్టదు, నాలుగు ముక్కలుగా స్కాన్ చేసి అతికించేవాళ్లున్నారు గానీ అంత ఓపిక నాకు లేదు. పొద్దున పూట వరండాలో నీడ పట్టున నేల మీద పరిచి, ఫ్లాష్ ఆపేసి, ఫోన్‌ని సరిగ్గా మధ్యలో పైనుంచి పట్టుకుని తీయండి. ఎండలో తీస్తే అట్ట మీది లామినేషన్ మెరుస్తుంది. డాక్యుమెంట్ స్కాన్ చేసే యాప్ వాడితే వంకరని అదే సరిచేస్తుంది, కానీ అందులో రంగులు "మెరుగుపరిచే" ఫిల్టర్ ఆపేయండి, లేకపోతే పాత అట్ట కాస్తా రేషన్ కార్డు జిరాక్స్‌లా తయారవుతుంది. స్కాన్ చేశాక బొమ్మలో వలలాంటి గీతలు కనపడితే కంగారు పడొద్దు, అచ్చు చుక్కలకీ స్కానర్ గీతలకీ పడక వచ్చేవి అవి. 600లో స్కాన్ చేసి తర్వాత సైజు తగ్గిస్తే చాలావరకు పోతాయి.

క్యాసెట్ దగ్గరే అసలు తంటా. దాని ముందు అట్ట ఆరున్నర సెంటీమీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల పొడవు ఉంటుంది, చదరం కాదు. దాన్ని కొయ్యకండి. 600 డీపీఐలో స్కాన్ చేసి, జింప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లోనో ఇంకెక్కడో చదరంగా ఒక కాన్వాస్ తీసుకుని, అట్టని మధ్యలో పెట్టి, రెండు పక్కలా అట్ట అంచు రంగే నింపండి. అట్ట మీద పసుపు ఎక్కువుంటే పసుపు, నీలం ఎక్కువుంటే నీలం. తెలుపు నింపితే మాత్రం దస్తావేజుకి అంటించిన ఫోటోలా ఉంటుంది.

ఇక ఒకే క్యాసెట్‌లో రెండు సినిమాలుండేవి చూడండి, ఏ సైడ్ ఒకటి, బీ సైడ్ ఇంకోటి, అట్ట మీద ఇద్దరు హీరోలు చెరో సగం. వీటిని ఒక ఆల్బమ్‌గా ఉంచాలా, రెండుగా విడగొట్టాలా? విడగొట్టమంటాను, ఎందుకంటే ఎవరైనా వెతికేది సినిమా పేరుతోనే. కానీ రెండింటికీ అదే ఉమ్మడి అట్ట పెడితే పక్కపక్కనే కవలల్లా కనిపిస్తాయి, ఏది ఏదో తెలియదు. అట్టని సగానికి కోసి ఎవరి సగం వాళ్లకి పెట్టండి. పూర్తి అట్టని ఆ ఫోల్డర్‌లో విడిగా దాచుకోండి, అది కూడా ఒక జ్ఞాపకమే కదా.

ఎంత సైజు

128 కేబీపీఎస్‌లో (సెకనుకి 128 కిలోబిట్లు) 5 నిమిషాల పాట 5 ఎంబీకి కాస్త తక్కువ. దానికి 3000 పిక్సెళ్ల 3 ఎంబీ బొమ్మ అతికిస్తే అట్ట ఒక్కటే పాట బరువులో సగానికి మించి తూగుతుంది. బొమ్మ ఆల్బమ్‌కి ఒకసారి కాదు, ప్రతి పాటలోనూ కూర్చుంటుంది. 2000 పాటలుంటే 6 జీబీ బొమ్మలకే పోతుంది. అదే 600 పిక్సెళ్ల చదరం, 100 కేబీ లోపు జేపీజీ అయితే మొత్తం 200 ఎంబీతో సరి. నేను లోపల 600 పెడతాను, ఫోల్డర్‌లో విడిగా పెద్దది ఉంచుతాను. టీవీలో చూపించాలనుకునేవాళ్లు లోపల కూడా 1000 పెట్టుకోవచ్చు.

జేపీజీయే వాడండి. ఈమధ్య నెట్ నుంచి దించుకునే బొమ్మలు చాలావాటికి వెబ్‌పీ అని ఉంటోంది, చాలా కారు స్టీరియోలకి అది అర్థం కాదు, ఫైల్ పేరు చివర మార్చినంత మాత్రాన అది జేపీజీ అయిపోదు, పెయింట్‌లోనో జింప్‌లోనో తెరిచి జేపీజీగా సేవ్ చేయాలి. సేవ్ చేసేటప్పుడు ప్రోగ్రెసివ్ అని టిక్ ఉంటే తీసేయండి. పాత పరికరాలు కొన్ని ఆ రకాన్ని చూపించవు.

ఇక పని

విండోస్‌లో నేను వాడేది ఎంపీ3ట్యాగ్, పాట లోపలి చీటీని దిద్దే సాఫ్ట్‌వేర్. లినక్స్ వాళ్లకి కిడ్3 ఉంది. ఫోల్డర్‌ని ఎంపీ3ట్యాగ్ కిటికీలోకి లాగి వదలండి, కంట్రోల్ ఏ కొట్టి పాటలన్నీ ఎంచుకోండి. ఎడమ పక్క కింద ఒక చదరపు గడి ఉంటుంది, బొమ్మ గడి అదే. ఖాళీగా కనిపించినా సరే ముందు దాని మీద రైట్ క్లిక్ చేసి రిమూవ్ కవర్ నొక్కండి. ఎందుకంటే ఇంటర్నెట్ సెంటర్ల రోజుల్లో దించుకున్న పాటల్లో ఆ వెబ్‌సైట్ల వాళ్లు తమ ముద్రని బొమ్మగా దూర్చేవారు, ఒక్కోదాంట్లో రెండేసి. పాతది తీయకుండా కొత్తది పెడితే రెండూ ఉంటాయి, ప్లేయర్ మొదటిదాన్ని చూపిస్తుంది, మీరేమో పెట్టిన బొమ్మ రావట్లేదని జుట్టు పీక్కుంటారు. తీసేశాక యాడ్ కవర్, మీ జేపీజీ ఎంచుకోండి, రకం ఫ్రంట్ కవర్ అని ఉందో లేదో చూడండి, కంట్రోల్ ఎస్. అయిపోయింది.

పదిపదిహేను ఆల్బమ్‌లు ఇలా చేత్తో చేయండి. చేయి తిరిగాక యాక్షన్స్‌లో ఇంపోర్ట్ కవర్ ఫ్రమ్ ఫైల్ అని ఒకటుంది చూడండి, ప్రతి ఫోల్డర్‌లోనూ బొమ్మకి ఒకే పేరు పెట్టి ఉంటే మొత్తం లైబ్రరీకి ఒక్క దెబ్బతో ఎక్కిస్తుంది. మొదటిరోజే దాని జోలికెళ్తే వంద సినిమాలకి ఒకే అట్ట పడే ప్రమాదం ఉంది, ఎలా తెలుసని అడక్కండి.

అతికించాక ఫోన్‌లో ఇంకా పాత బొమ్మే కనిపిస్తుంటే ఫైల్‌ని అనుమానించకండి, ప్లేయర్ పాతదాన్ని తన దగ్గర దాచుకుని ఉంటుంది. దాని క్యాషే తుడిచి మళ్లీ స్కాన్ చేయించండి. దీనికి తిరగేసింది కూడా జరుగుతుంది. కొన్ని ప్లేయర్లు నెట్ నుంచి బొమ్మ తెచ్చి తమ ఖాతాలోనే ఉంచుకుంటాయి, పాట ఫైల్‌లో పెట్టవు. తెర మీద కనపడింది కదా అని వదిలేస్తే, ఆ పాట కారులో వేసినరోజు మళ్లీ కొక్కెమే.

బొమ్మలు తారుమారయ్యే ఇంకో సందర్భం, ఒకే పేరున్న సినిమాలు. దేవదాసు తీసుకోండి, 1953లో ఒకటి, 1974లో ఒకటి, 2006లో ఒకటి. మూడింటికీ ఆల్బమ్ పేరు దేవదాసు అనే ఉంటే, పేరొక్కటే చూసి కలిపేసే ప్లేయర్లు మూడింటినీ ఒకే అట్ట కింద పడేస్తాయి. మా కారులో ఘంటసాల గొంతు మోగుతుంటే తెర మీద 2006 నాటి హీరో నవ్వుతూ కనిపించాడు, వెనక సీట్లో మా బాబాయి ఊరు చేరేదాకా దాని గురించే. ఇలాంటివాటికి ఆల్బమ్ పేరు పక్కనే సంవత్సరం కూడా రాసేయండి, దేవదాసు 1953, దేవదాసు 2006 అని.

ఈ వారం పని: మూడు ఆల్బమ్‌లు. ఒకటి సీడీదో నెట్ నుంచి తెచ్చిందో, సులువుది. రెండోది క్యాసెట్ అట్ట, పక్కల రంగు నింపి. మూడోది ఎప్పుడో దించుకున్న, వెబ్‌సైట్ ముద్ర ఉన్న ఫోల్డర్, కడిగి కొత్తది పెట్టాలి. మూడూ ఫోన్‌లోకి ఎక్కించి, ఆల్బమ్‌ల వరస తెరిచి, ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూపించండి, ఏ సినిమానో మీరు చెప్పకండి. వాళ్లు తడబడిన అట్టకి ఇంకో బొమ్మ వెతకాలి. క్యాసెట్ అట్ట లోపలి మడత కూడా స్కాన్ చేసి ఉంచుకోండి, పాట రాసినవాళ్ల పేర్లు చాలాసార్లు అక్కడే ఉంటాయి, వచ్చే పాఠంలో వాటితోనే పని.