ఎలక్ట్రిక్ గిటార్ రిపేర్ ఇంట్లోనే – 4వ భాగం: తీగలు మార్చడం

పోయిన భాగంలో తీగల సైజులు, అంటే మందం, చూశాం కదా, 9 సెట్ అంటే 9 నుంచి 42 దాకా, 10 సెట్ అంటే 10 నుంచి 46 దాకా, ఆ అంకెలన్నీ అంగుళంలో వెయ్యో వంతులు. ఈపాటికి ఏదో ఒక సెట్ కొనేసుంటారు. పాతవి ఏ సైజో తెలిస్తే ఈసారికి అదే వేయండి, సైజు మారిస్తే నెక్కూ (చేత్తో పట్టుకునే పొడుగు భాగం) బ్రిడ్జీ (బాడీ మీద తీగలు ఆనే భాగం) రెండూ మళ్ళీ సర్దుకోవాలి, ఆ గొడవ ఇప్పుడే వద్దు. ఇంకోటి, షాపుకెళ్ళి ఉత్తినే గిటార్ తీగలు కావాలంటే అకూస్టిక్‌కి వేసే బ్రాంజ్ తీగలు ఇచ్చే అవకాశం ఉంది, చూసుకుని తీసుకోండి. పికప్‌లో, అంటే తీగల కింద ఉండి సౌండ్ పట్టే భాగంలో, ఉండేది అయస్కాంతం, దాని ముందు స్టీలో నికెలో కదిలితేనే సౌండ్ వస్తుంది, బ్రాంజ్ చుట్టు ఉన్న తీగ వేస్తే ఆ నాలుగు లావు తీగలు నీరసంగా పలుకుతాయి.

అసలు ఎప్పుడు మార్చాలి అని చాలామంది నెలల లెక్క అడుగుతారు. నేనైతే లెక్క చెప్పను. వేలు తీగ కిందకి పోనిచ్చి ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ కమ్మీలు) మీదుగా జరపండి, గరుకుగా తగిలినా నల్లగా అంటుకున్నా టైమ్ అయిపోయినట్టే. వైజాగ్, కాకినాడ లాంటి ఊళ్ళలో సముద్రపు గాలికి, చేతి చెమటకి తుప్పు తొందరగా పడుతుంది, వాయించాక పొడిగుడ్డతో తుడిస్తే ఇంకొన్నాళ్ళు వస్తాయి.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. కటింగ్ ప్లేయర్, ఫోన్లో ట్యూనర్ యాప్, పాత కాటన్ గుడ్డ, ఒక 2బి పెన్సిల్. వైండర్ (కీలు గబగబా తిప్పే పిడి) ఉంటే చెయ్యి నొప్పి పుట్టదు, లేకపోయినా పనవుతుంది. కళ్ళద్దాలు ఉంటే పెట్టుకోండి, ఒకటో తీగ, అంటే అన్నిటికన్నా సన్నది, దాని కొస సూదిలాంటిది, వదిలితే ఎగిరి మొహానికే వస్తుంది.

ఈ పాఠం స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్) టైపు గిటార్ మీద చెప్తున్నా, ఎందుకంటే మొదటి గిటార్‌గా మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఆ ఆకారమే, పైగా 1954లో ఫెండర్ కంపెనీ వాళ్ళు తెచ్చినప్పటి నుంచీ దానికి వెనకాల స్ప్రింగులతో కదిలే బ్రిడ్జ్ ఉంది. ముందు తీగలు ఒకవైపు లాగుతుంటే వెనక స్ప్రింగులు రెండోవైపు లాగుతుంటాయి, 9 సెట్ శ్రుతిలో ఉన్నప్పుడు ఆరు తీగల లాగుడు కలిపి దాదాపు 38 కిలోలు. ఆరూ ఒకేసారి పీకేస్తే స్ప్రింగులు బ్రిడ్జ్‌ని వెనక్కి గుంజేస్తాయి, గిటార్ పాడైపోదు గానీ కొత్తవి వేశాక ఒకటి శ్రుతి చేస్తే మిగతావి దిగిపోతూ చాలాసేపు సతాయిస్తుంది. అందుకే ఒకటి తీయడం, ఒకటి వేయడం, శ్రుతి చేయడం, తర్వాతే రెండోది. ఫ్రెట్‌బోర్డ్ (ఫ్రెట్లు ఉండే పలక) బాగా జిడ్డు పట్టి తుడవాల్సిందే అనుకుంటే మాత్రం అన్నీ తీసేయండి, కానీ ముందు బ్రిడ్జ్ కింద మడిచిన గుడ్డ దూర్చి కదలకుండా చేయండి. లెస్ పాల్ (గిబ్సన్ కంపెనీ గిటార్) టైపులో ఈ స్ప్రింగుల బాధ లేదు, కాకపోతే తీగలన్నీ తీస్తే బ్రిడ్జ్, టెయిల్‌పీస్ (తీగల చివర్లు పట్టుకునే భాగం) ఊడి బాడీ మీద పడి గీత పెడతాయి. ఫ్లాయిడ్ రోజ్ (తీగలని బిగించి పట్టేసే ఇంకో రకం కదిలే బ్రిడ్జ్) ఉన్నవాళ్ళు ఆగండి, దానికి విడిగా ఒక భాగం రాస్తా.

సరే, ఆరో తీగ, అంటే లావుది. ముందు కీ (శ్రుతి చేసే మర) తిప్పి పూర్తిగా వదులు చేయండి, బిర్రుగా ఉండగా కత్తిరించొద్దు. వేలాడేంత వదులయ్యాక మధ్యలో కత్తిరించి పైముక్క పోస్ట్ (తీగ చుట్టుకునే చిన్న కడ్డీ) నుంచి విప్పేయండి, కిందిముక్కని బ్రిడ్జ్ లోంచి వెనక్కి తోస్తే చివరి బుడిపె వెనక వైపు నుంచి బయటికొస్తుంది. వెనక ప్లాస్టిక్ మూత రంధ్రాలు సరిగ్గా ఎదురుగా లేకపోతే ఆ మూత తీసేసి చేసుకోవడమే సుఖం. కత్తిరించిన ముక్కలు కాగితంలో చుట్టి పారేయండి, ఇంట్లో అందరం చెప్పుల్లేకుండా తిరుగుతాం.

తీగ తీశాక నట్ (నెక్ పై చివర తీగలు ఆనే చిన్న పట్టీ) గాడిలో పెన్సిల్ ముక్కు రెండుమూడు సార్లు ఆడించండి. శ్రుతి చేసేటప్పుడు టిక్కుమని చప్పుడొచ్చి పిచ్ ఒక్కసారిగా ఎగిరితే తీగ ఆ గాడిలో పట్టేస్తుందని అర్థం, గ్రాఫైట్ పొడి దాన్ని జారనిస్తుంది.

ఇప్పుడు కొత్త తీగ. డాడారియో కంపెనీ సెట్‌లో బుడిపెలకి రంగులుంటాయి, ఆరోది ఇత్తడి రంగు, ఐదోది ఎరుపు, నాలుగోది నలుపు, మూడోది ఆకుపచ్చ, రెండోది ఊదా, ఒకటోది వెండి రంగు. వేరే కంపెనీవి అయితే కవర్ మీద సైజు చూసుకోండి, రెండోదీ మూడోదీ రెండూ చుట్టు లేని తీగలే కాబట్టి తారుమారయ్యేది ఎక్కువ అక్కడే. వెనక నుంచి దూర్చి ముందుకి లాగి, సాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న ముక్క) మీదుగా, నట్ గాడిలో పెట్టి పోస్ట్ దాకా తెచ్చారా, ఇక అసలు పని ఇక్కడే.

శ్రుతి నిలవట్లేదు, కీలు బాలేవు, కొత్త కీలు వేయించాలి అనేవాళ్ళ గిటార్ పట్టుకుని చూడండి, చాలావాటిలో కీలు బంగారంలా ఉంటాయి, పోస్ట్ మీద తీగ మాత్రం ఏడెనిమిది చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటుంది. వాయిస్తున్నకొద్దీ ఆ చుట్లు సర్దుకుంటూ శ్రుతి దిగుతూనే ఉంటుంది. లావు తీగలకి రెండు మూడు చుట్లు, సన్నవాటికి మూడు నాలుగు, అంతే.

కొలత ఇలా. తీగ కొసని పోస్ట్ రంధ్రంలో దూర్చి బిర్రుగా లాగండి, తర్వాత రంధ్రం దగ్గర వేళ్ళతో పట్టుకుని ఐదు సెంటీమీటర్లు బ్రిడ్జ్ వైపు వెనక్కి వదలండి, సన్న తీగలకైతే ఏడు. పోస్ట్ చుట్టుకొలత రెండు సెంటీమీటర్లకి కాస్త తక్కువ కాబట్టి చుట్ల లెక్క సరిగ్గా సరిపోతుంది. రంధ్రం అవతల తీగని గట్టిగా మెలికపెట్టండి. తీగ పోస్ట్‌కి లోపలి వైపు నుంచి, అంటే కీల పిడులు లేని వైపు నుంచి రావాలి. ఒక చేత్తో తీగని నట్ దగ్గర కొంచెం లాగి పట్టుకుని రెండో చేత్తో కీ తిప్పుతూ, మొదటి చుట్టు కొస పైనుంచి, మిగతావి కొస కిందుగా, బొంగరానికి తాడు చుట్టినట్టు పక్కపక్కనే కిందకి దిగాలి, ఒకదాని మీదకి ఒకటి ఎక్కకూడదు. వింటేజ్ (పాతకాలం) టైపు కీలైతే పోస్ట్ పైన చీలిక, మధ్యలో గుంత ఉంటాయి, వాటికి ముందే అంత మిగులు చూసుకుని కత్తిరించి కొసని గుంతలోకి దించేయాలి. లావు తీగ అయితే కత్తిరించే చోటుకి ముందు ఒక మెలిక పెట్టి అప్పుడు కత్తిరించండి, లేకపోతే పైచుట్టు వదులై తీగ మొద్దుగా మోగుతుంది.

ఒకటి, రెండు తీగలు హెడ్‌స్టాక్ (నెక్ చివర కీలుండే తల) మీద ఉన్న చిన్న కొక్కెం కిందుగా పోవాలి, అన్నీ అయ్యాక గుర్తొస్తే మళ్ళీ విప్పుకోవాలి. మిగిలిన కొసలు శ్రుతి అయ్యాకే మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంచి కత్తిరించండి.

శ్రుతి లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఇ ఎ డి జి బి ఇ. పైకి పోతే కిందకి తిప్పి ఆపేయొద్దు, బాగా దించి మళ్ళీ పైకి తెచ్చి ఆపండి, కీలో పళ్ళ మధ్య ఉండే ఖాళీ అప్పుడే తీరుతుంది. తర్వాత పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ కింద వేలుపెట్టి ఒక వేలి వెడల్పంత ఎత్తు మెల్లిగా లాగి వదలండి, శ్రుతి దిగుతుంది, మళ్ళీ చేయండి, లాగితే దిగడం ఆగేదాకా ఇదే పని. ఒకటో తీగ దగ్గర మాత్రం జోరు తగ్గించండి, తెగేది అదే.

రేపు వాయించే ముందు ట్యూనర్ పెట్టి ఏ తీగ ఎంత దిగిందో ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్క తీగే పదేపదే దిగుతుంటే దాని చుట్లు విప్పి మళ్ళీ చుట్టండి. వచ్చే భాగంలో పన్నెండో ఫ్రెట్ నోట్, అక్కడి హార్మోనిక్ (తీగని నొక్కకుండా వేలు ఆనించి మీటితే వచ్చే సౌండ్) రెండూ కలవకపోతే సాడిల్ ఎటు జరపాలో చూద్దాం, దానికి ఒక చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ దగ్గర పెట్టుకోండి.