నవల పక్కన పెట్టుకుని సిరీస్ చూడటం: మార్పుల లెక్క రాసుకునే పద్ధతి

"పుస్తకంలో అలా లేదు" అని మొదలైన వాదన చాలాసార్లు "నీకు నచ్చలేదు, నాకు నచ్చింది" దగ్గరే ఆగిపోతుంది. ఏం మారిందో అందరూ చెబుతారు. ఆ సన్నివేశం నవలలో ఏ పని చేసేదో, ఆ పని ఇప్పుడు తెర మీద ఎవరి నెత్తిన పడిందో చెప్పేవాళ్లు తక్కువ. ఆ రెండో సంగతి పట్టుకోవడానికే ఈ పద్ధతి. ఉదాహరణలన్నీ గేమ్ ఆఫ్ థ్రోన్స్, దాని తోబుట్టువు హౌస్ ఆఫ్ ది డ్రాగన్ నుంచే తీసుకున్నాం. కథలు విప్పి చెప్పక తప్పదు కాబట్టి చూడనివాళ్లు, చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

ముందు హద్దులు గీసుకోండి

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ నవలలు ఐదు అచ్చయ్యాయి: 1996, 1998, 2000, 2005, 2011. సిరీస్ 2011 నుంచి 2019 దాకా ఎనిమిది సీజన్లు, 73 ఎపిసోడ్లు. మొదటి సీజన్‌కి మొదటి నవల, రెండో సీజన్‌కి రెండోది. మూడో నవల మరీ లావు కాబట్టి మూడు, నాలుగు సీజన్లకి పంచారు. నాలుగు, ఐదు నవలలు కలిసి ఐదో సీజన్ అయ్యాయి. ఆరో సీజన్ సగం మిగులు సరుకు, సగం కొత్తది. ఏడు, ఎనిమిది సీజన్లకి పోల్చడానికి అచ్చులో నవలే లేదు. అక్కడ "పుస్తకానికి ద్రోహం చేశారు" అనే మాటకి అర్థం లేదు. ఫలానా కథ పోగుని ఐదో నవల దాకా తెచ్చి వదిలారు, సిరీస్ దాన్ని ఇలా ముగించింది అనాలి, అంతే.

ఈ గీతలు కూడా గట్టివేమీ కావు. థియోన్, బ్రాన్ కథల్లో ఐదో నవల సరుకు మూడు, నాలుగు సీజన్లలోకే వచ్చేసింది. పైగా నాలుగు, ఐదు నవలలు చాలావరకు ఒకే కాలంలో వేర్వేరు చోట్ల జరిగే కథలు. నాలుగోది పూర్తిగా చదివి ఐదోది మొదలుపెట్టేవాళ్లకి ఐదో సీజన్ క్రమం తారుమారైనట్టు అనిపిస్తుంది. తారుమారు ఏమీ లేదు, రెండు నవలల అధ్యాయాలని కాలక్రమంలో కలిపి పేర్చారు. మీ పట్టికలోనూ అలాగే కలిపి పేర్చుకోండి.

పట్టిక ఎలా ఉండాలి

ఒక్కో సన్నివేశానికి ఒక్కో వరుస. గడులు ఎనిమిది చాలు: ఎపిసోడ్ నంబరు, నిమిషం, సన్నివేశం ఒక్క వాక్యంలో, నవల అధ్యాయం, నవలలో అది ఎవరి కళ్లతో చెప్పారు, మార్పు రకం, నవలలో ఆ సన్నివేశం చేసిన పని, ఆ పని తర్వాత ఎక్కడ తేలింది. ఆఖరి గడి మొదట్లో ఖాళీగానే ఉంటుంది. సీజన్లు గడిచేకొద్దీ నిండుతుంది. అసలు విలువంతా దానిదే.

పేజీ నంబరు ఎప్పుడూ రాయకండి. ముద్రణకీ ముద్రణకీ పేజీలు మారతాయి. మూడో నవల, ఐదో నవల బ్రిటన్ పేపర్‌బ్యాక్‌లో రెండేసి సంపుటాలుగా వచ్చాయి కూడా. అధ్యాయం పేరే పట్టుకోవాలి. ఇందులో ఒక చిక్కుంది: అధ్యాయానికి శీర్షికగా పాత్ర పేరు మాత్రమే ఉంటుంది, అంకె ఉండదు. "టిరియన్" అనే శీర్షిక ఒకే నవలలో పదిసార్లు పైగా వస్తుంది. అందుకే మొదటినుంచీ లెక్కపెట్టుకుని "నవల 3, టిరియన్ 11" అని రాసుకోవాలి. నాలుగో నవల నుంచి కొన్ని శీర్షికలు పేర్లు కాకుండా బిరుదులూ మారుపేర్లూ అయిపోయాయి. ఐదో నవలలో థియోన్ అధ్యాయాలు "రీక్" అని మొదలవుతాయి. అలాంటి చోట బ్రాకెట్లో అసలు పేరు కూడా వేసుకోకపోతే తర్వాత వెతుక్కోలేరు.

ఎపిసోడ్‌ని మొదటిసారి పుస్తకం ముట్టకుండా చూడండి. ఎక్కడ అర్థం కాలేదో, ఎక్కడ కదిలిపోయారో రెండు ముక్కలు రాసుకోండి. ఆపుతూ రాసుకోవడం రెండోసారి. గంట ఎపిసోడ్‌కి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. మొదటి చూపు వదిలేసి నేరుగా పుస్తకం తెరిచి కూర్చుంటే తెర మీద లేనిదాన్ని కూడా మనసు పూరించేస్తుంది. నవల చదివినవాళ్లు "అంతా స్పష్టంగానే ఉందిగా" అని, చదవనివాళ్లు "ఏమీ అర్థం కాలేదు" అని కొట్టుకునేది ఇందువల్లే.

మార్పు రకాలు

కోత అంటే తీసేయడం, విలీనం అంటే ఇద్దరిని ఒకరు చేయడం. ఈ రెండూ తేలిగ్గా దొరుకుతాయి. పేరు మార్పు ఇంకా తేలిక: నవలల్లో ఆషా గ్రేజాయ్ సిరీస్‌లో యారా అయింది, అప్పటికే ఓషా అనే మరో పాత్ర ఉంది కాబట్టి. దీని మీద పేజీలు రాయనక్కర్లేదు.

వయసు మార్పు చిన్నదిలా కనిపిస్తుంది కానీ లోతుగా పోతుంది. మొదటి నవల మొదలయ్యేటప్పటికి డెనేరిస్‌కి 13, రాబ్‌కీ జాన్‌కీ 14. సిరీస్‌లో రాబ్, జాన్‌లకి 17. పిల్లల వయసు జరిపితే వాళ్లు పుట్టిన కాలమూ జరగాలి. అందుకే కథకి ముందు జరిగిన రాబర్ట్ తిరుగుబాటు 15 ఏళ్ల కిందటి నుంచి 17 ఏళ్ల కిందటికి వెళ్లింది. పద్నాలుగేళ్ల కుర్రాడు సైన్యాన్ని నడుపుతూ పెళ్లి విషయంలో తప్పటడుగు వేయడం వేరు, ఎదిగిన యువకుడు ప్రేమ కోసం మాట తప్పడం వేరు. రాబ్ పెళ్లి మీద మాట్లాడేవాళ్లు ఈ తేడా లెక్కలోకి తీసుకోకపోతే సగం సంగతి వదిలేసినట్టే.

చేర్పుల్ని చాలామంది దండగ అనుకుంటారు. మొదటి సీజన్ ఐదో ఎపిసోడ్‌లో రాజు రాబర్ట్, రాణి సెర్సీ ఇద్దరే కూర్చుని తమ కాపురం గురించి మాట్లాడుకునే సన్నివేశం నవలలో లేదు. ఉండే వీలూ లేదు. మొదటి నవలని, ముందుమాట లాంటి తొలి అధ్యాయం పక్కన పెడితే, ఎనిమిది మంది కళ్లతోనే చెప్పారు. వాళ్లలో ఆ ఇద్దరూ లేరు. సెర్సీ కళ్లతో అధ్యాయం రావడానికి నాలుగో నవల దాకా ఆగాలి. కెమెరాకి ఆ కట్టుబాటు లేదు కాబట్టి తలుపు తీసి లోపలికి వెళ్లగలిగింది. అందుకే చేర్పు కనిపించగానే మొదట అడగాల్సింది: నవలలో ఆ గదిలో కళ్లున్న పాత్ర ఎవరైనా ఉన్నారా?

దీనికి తిరగేసిన సమస్య మనసులో మాట. నెడ్ స్టార్క్ తలలో నడిచే చెల్లెలు లియానా జ్ఞాపకం, ఆమెకి ఇచ్చిన మాట మొదటి నవల అంతా వెంటాడుతూనే ఉంటాయి. జ్వరంలో అతను కనే ఒక కలలో గోపురం దగ్గరి పోరాటం వస్తుంది. మొదటి సీజన్‌లో ఆ జ్వరపు కల లేదు. ఆ గోపురం దగ్గరి పోరాటం ఆరో సీజన్ మూడో ఎపిసోడ్‌లో బ్రాన్ దర్శనంగా వచ్చింది. కాబట్టి ఇది కోత కాదు, బదిలీ. ఐదు సీజన్లు ఆలస్యంగా జరిగిన బదిలీ. దీనివల్ల జాన్ తల్లి ఎవరన్న ప్రశ్నకి నవల పాఠకుడి దగ్గర మొదటినుంచీ ఉన్న ఆధారాల్లో చాలా కొద్దివే ప్రేక్షకుడికి దక్కాయి.

బదిలీ పట్టుకోవడంలోనే పొరపాట్లు ఎక్కువ. పాత్ర మాయమైందంటే దాని పని కూడా మాయమైందని అనుకోకండి. ఐదో నవలలో జాన్ కానింగ్టన్ అనే అతను టిరియన్‌ని నీళ్లలోంచి కాపాడబోయి గ్రేస్కేల్ అనే రోగం అంటించుకుంటాడు. సిరీస్‌లో కానింగ్టన్ లేడు, అతను పెంచిన కుర్రాడూ లేడు. రోగం మాత్రం ఐదో సీజన్‌లో, అలాంటి పడవ ప్రయాణంలోనే, టిరియన్ వెంట ఉన్న జోరాకి చేరింది. పట్టికలో "కానింగ్టన్: కోత" అని ఒక్క వరుస రాసి ఊరుకుంటే ఇది జారిపోతుంది. "గ్రేస్కేల్: బదిలీ, జోరాకి" అని మరో వరుస ఉండాలి.

పని పరీక్ష, ఒక్క సన్నివేశం మీద

ప్రశ్న ఇది: ఈ సన్నివేశం తీసేస్తే తర్వాత ఏది నిలబడదు?

నాలుగో సీజన్ పదో ఎపిసోడ్ తీసుకోండి. టిరియన్‌ని అన్న జేమీ చెరలోంచి విడిపిస్తాడు, టిరియన్ తండ్రిని చంపుతాడు. నవల 3, టిరియన్ 11లోనూ ఇదే జరుగుతుంది. అయితే నవలలో విడిపోయే ముందు జేమీ ఒక నిజం చెబుతాడు. టిరియన్ చిన్నతనంలో పెళ్లాడిన టైషా వేశ్య కాదు, డబ్బిచ్చి తెచ్చిన పిల్ల అని తాను అప్పట్లో చెప్పింది తండ్రి చెప్పించిన అబద్ధం. టిరియన్ అన్నని కొడతాడు. రాజు జాఫ్రీని చంపింది తానేనని అబద్ధమాడతాడు. ఇద్దరూ శత్రువుల్లా విడిపోతారు. ఆ మంటతోనే తండ్రి దగ్గరికి ఎక్కి వెళ్లి, ఆమె ఎక్కడికి పోయిందని అడుగుతాడు. తండ్రి జవాబు వినగానే విల్లు మోగుతుంది.

సిరీస్‌లో టైషా ఊసే రాదు. అన్నదమ్ములు కౌగలించుకుని విడిపోతారు. టిరియన్ అయినా పైకి ఎక్కుతాడు.

నవలలో ఆ నిజం మూడు పనులు చేసింది. పారిపోవాల్సినవాడు వెనక్కి తిరగడానికి కారణం ఇచ్చింది. అన్నదమ్ముల్ని విడగొట్టింది. ఐదో నవలలో టిరియన్ అంత చేదుగా, కనిపించినవాళ్లనల్లా అదే ప్రశ్న అడుగుతూ తిరగడానికి బీజం వేసింది. సిరీస్‌లో మొదటి పని మరణశిక్ష మీద, ప్రియురాలు షే మీద పడింది. మోస్తుంది కానీ బరువు తగ్గింది. రెండో పని చేయలేదు, కావాలనే అనుకోవచ్చు: ఎనిమిదో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో ఈసారి టిరియనే జేమీని విడిపించే వీడ్కోలు ఆ మిగిలిన ప్రేమ మీదే నిలబడింది. మూడో పని ఎవరూ చేయలేదు. ఐదో సీజన్ టిరియన్ తాగుతాడు, దిగులుపడతాడు, నవలలోలా విషం కక్కడు. పైగా టైషా కథని మొదటి సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లో, గుడారంలో బ్రోన్ అనే కిరాయి సైనికుడు, షేల ముందు టిరియన్ చేతే పూర్తిగా చెప్పించారు. విత్తు నాటి పంట కోయలేదన్నమాట. మా లెక్కలో లాభం కన్నా నష్టమే ఎక్కువ. ఆ వీడ్కోలుని ఎక్కువగా తూచేవాళ్లు తిరగేసి చెప్పొచ్చు. ఇప్పుడు వాదన కనీసం ఒకే వస్తువు మీద నడుస్తోంది.

సాన్సా విషయంలో ఇదే పరీక్ష వేరే జవాబు ఇస్తుంది. ఐదో నవలలో రామ్సేకి సాన్సా చెల్లెలు ఆర్యా అని చెప్పి కట్టబెట్టిన పిల్ల నిజానికి జేన్ పూల్. సిరీస్ ఆ స్థానంలో సాన్సాని పెట్టింది. ఆ కథ ముఖ్యమైన పని థియోన్ మళ్లీ మనిషి కావడం. అది చెడలేదు, తెలిసిన ముఖం కాబట్టి ఇంకా పదునెక్కింది. చెడింది లిటిల్‌ఫింగర్ పాత్ర. అన్నీ ఆరా తీసే మనిషి రామ్సే ఎలాంటివాడో తెలుసుకోకుండా తన అతి విలువైన పావుని అప్పగించాడంటే నమ్మడం కష్టం. మార్పు జరిగిన చోట కాకుండా పక్కింట్లో గోడ పగులుతుంది. పట్టిక లేకపోతే ఆ పగులు కనిపించదు.

ఎందుకు మార్చారు?

ఇక్కడ నోరు కాస్త అదుపులో పెట్టుకోవాలి. కారణం రాసేటప్పుడు మూడు గుర్తుల్లో ఒకటి వేయండి: తీసినవాళ్లు చెప్పారు, తెర మీదినుంచి తెలుస్తోంది, మన ఊహ. నవలలో గ్రీన్ ఫోర్క్ యుద్ధంలో టిరియన్ ముందు వరుసలో నిలబడి పోరాడతాడు. సిరీస్‌లో యుద్ధం మొదలవగానే సొంత మనుషుల సుత్తి దెబ్బకే స్పృహ తప్పుతాడు, లేచేసరికి అంతా అయిపోతుంది. ఇది డబ్బు, రోజులు మిగుల్చుకున్న చోటని చూస్తేనే తెలుస్తుంది. ప్రతి కోతకీ ఇదే మందు రాయకూడదు. టైషా నిజం రెండు నిమిషాల మాటలు, దానికి ఖర్చేముంది?

రచయిత పేరు ఉంటే నవలకి దగ్గరగా ఉంటుందనే నమ్మకాన్నీ పరీక్షించాలి. మార్టిన్ నాలుగు ఎపిసోడ్లు రాశారు, మొదటి నాలుగు సీజన్లలో ఏడాదికొకటి. రెండో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ బ్లాక్‌వాటర్ వాటిలో ఒకటి. నవలలో టిరియన్ కట్టించిన గొలుసు ఆ నదీయుద్ధంలో పెద్ద ఎత్తు. రచయిత స్వయంగా రాసిన ఎపిసోడ్‌లోనే ఆ గొలుసు లేదు.

నవలే సాక్షి కానప్పుడు

హౌస్ ఆఫ్ ది డ్రాగన్‌కి ఆధారమైన ఫైర్ అండ్ బ్లడ్, 2018, నవలలా ఉండదు. ఒకరితో ఒకరికి పడని సాక్షుల మాటలు పోగేసిన చరిత్రలా నడుస్తుంది. విదూషకుడు మష్రూమ్ ఒకటి చెబుతాడు, సెప్టన్ యూస్టేస్ ఇంకొకటి. అందుకని పట్టికలో "ఏ సాక్షి" అనే గడి ఒకటి చేర్చాలి. సిరీస్ ఒక సాక్షిని నమ్మిందంటే అది ఎంపిక, మార్పు కాదు.

అన్నీ అలా తప్పించుకోలేం. పుస్తకంలో రాణి హెలేనాకి ముగ్గురు పిల్లలు. హంతకులు ఇద్దరు కొడుకుల్లో ఒకణ్ణి ఎంచుకోమంటారు. ఆమె చిన్నవాడు మేలోర్ పేరు చెబుతుంది, వాళ్లు పెద్దవాణ్ణి చంపుతారు. ఈ సిరీస్ రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో మేలోర్ లేడు. కవలల్లో మగపిల్లాడెవరని అడిగితే ఆమె చూపిస్తుంది. హత్య జరిగింది, శోకం మిగిలింది. తాను చావుకి ఒప్పుకున్న బిడ్డ బతికి కళ్లెదుట తిరగడమనే నరకం మాత్రం పోయింది. ఈ పిల్లాడు లేకపోవడం ముందు ముందు ఏమేం కదిలిస్తుందో మార్టిన్ 2024 సెప్టెంబర్‌లో తన బ్లాగులో రాశారు, ఆ టపా తర్వాత కనిపించలేదు. ఆ ఆఖరి గడిని రచయితే నింపడం అరుదు.

"పుస్తకంలో ఉంది" అని రాసే ముందు

అది ఎవరి తలలో ఉందో చూసుకోండి. బ్లాక్‌వాటర్ రాత్రి హౌండ్ అనే యోధుడు తనని ముద్దుపెట్టుకున్నాడని సాన్సా తర్వాతి నవలల్లో గుర్తు చేసుకుంటుంది. రెండో నవలలో ఆ రాత్రి అధ్యాయం తెరిస్తే ముద్దు లేదు. అది రచయిత పొరపాటు కాదు, ఆమె జ్ఞాపకం అలా మారింది. సిరీస్ ముద్దు తీసేసిందని వాదించేవాళ్లకి చూపించాల్సింది ఆ పాత అధ్యాయమే: నవల 2, సాన్సా 7.