ఎస్‌ఎస్‌డీని బీరువాలో పెట్టి మర్చిపోకండి

ఇప్పుడు అందరూ హార్డ్ డిస్క్ మానేసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే డిస్కు లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) కొంటున్నారు, మంచిదే, వేగం బాగుంటుంది, చేయి జారి కింద పడినా తట్టుకుంటుంది. కానీ పిల్లల ఫోటోలన్నీ అందులోకి ఎక్కించి బీరువాలో దాచేసేవాళ్లు ఒక్క విషయం వినండి. ఎస్‌ఎస్‌డీలో, పెన్‌డ్రైవ్‌లో డేటా ఉండేది చిన్న చిన్న సెల్స్‌లో బంధించిన విద్యుత్ చార్జి రూపంలో. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే ఆ చార్జి మెల్లగా తగ్గిపోతుంది, మన ఎండాకాలం వేడికైతే ఇంకా త్వరగా. మెమరీ చిప్‌లకు ప్రమాణాలు పెట్టే జెడెక్ అనే సంస్థ లెక్క ప్రకారం ఇళ్లలో వాడే ఎస్‌ఎస్‌డీ బాగా వాడి అరిగిపోయాక 30 డిగ్రీల దగ్గర, కరెంటు లేకుండా, 1 సంవత్సరం డేటా నిలిపితే చాలు! కొత్తది చాలా ఎక్కువ కాలమే ఆగుతుంది, టెన్షన్ వద్దు.

నా మాట ఏంటంటే, రోజువారీ పనికి ఎస్‌ఎస్‌డీ పెట్టుకోండి, దాచుకోవడానికి మామూలు హార్డ్ డిస్కే కొనండి, అందులో డేటా అయస్కాంత రూపంలో ఉంటుంది కాబట్టి కరెంటు లేకపోయినా నిలుస్తుంది. అదీ పాడవుతుంది, అందుకే ఇంకో కాపీ అమ్మావాళ్ల ఇంట్లోనో అన్నయ్య దగ్గరో ఉంచండి. ఆరు నెలలకోసారి అన్నీ కంప్యూటర్‌కి తగిలించి, ఫోల్డర్ మొత్తం ఒకసారి వేరేచోటికి కాపీ అవుతోందో లేదో చూడండి.

పెళ్లి వీడియోలు ఇంకా డీవీడీల్లోనే ఉన్నాయా? కొత్త లాప్‌టాప్‌లకు డీవీడీ డ్రైవే రావట్లేదు, డీవీడీల తర్వాత వచ్చిన బ్లూ-రే డిస్కుల్లో మనం డేటా ఎక్కించుకునే రకం తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. ఈ ఆదివారమే ఎవరిదైనా పాత కంప్యూటర్ అడిగి కాపీ చేసేసుకోండి.