కొబ్బరి తోటల మధ్య ఇంటికి ఇంటర్నెట్: ఫైబర్ తీగా, తీగ లేని కనెక్షనా? ఎలా తేల్చుకోవాలి?

ఇంటికి ఇంటర్నెట్ పెట్టించుకుందామనుకున్నవారు ముందుగా అడిగేది స్పీడు ఎంత, నెలకు ఎంత అని. గోదావరి డెల్టాలో, అందులోనూ కోనసీమలో, దానికన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఆ లైను మన ఇంటి దాకా ఏ దారిన వస్తుంది? తోటల మధ్య స్తంభాల మీదుగా వచ్చే తీగకు ఒక ఇబ్బంది ఉంటే, అవే చెట్లను దాటి రావలసిన సిగ్నలుకు మరో ఇబ్బంది ఉంటుంది.

ఇప్పటికే కనెక్షన్ ఉండి, అది బాగాలేదని మార్చాలనుకుంటున్నట్లయితే, ముందు రౌటర్ పక్కన నిలబడి ఒకసారి, వెనక గదిలో ఒకసారి స్పీడు పరీక్షించండి. రౌటర్ దగ్గర బాగుండి వెనక గదిలో పడిపోతే తప్పు బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ది కాదు, ఇంట్లో వైఫైది. మందపాటి గోడల పాత మండువా లోగిళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. అలాంటప్పుడు కంపెనీ మార్చడం వృథా ఖర్చు; రౌటర్‌ను వీధి గదిలోంచి మండువా వైపు జరిపినా, రౌటర్ నుంచి రౌటర్‌కు వేసే ల్యాన్ తీగతో వెనక గదికి మరో రౌటర్ పెట్టినా సరిపోతుంది. ల్యాన్ తీగ వంద మీటర్ల వరకు ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది.

కొత్తగా తీసుకునేవారు మొదట చేయవలసింది ఆపరేటర్ డబ్బా ఉన్న స్తంభం నుంచి ఇంటి దాకా ఒకసారి నడిచి చూడడం. ఏపీ ఫైబర్‌నెట్ సహా ఇక్కడి లైన్లు చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వస్తాయి. తీగ ఎన్ని కొబ్బరిచెట్ల కింది నుంచి వస్తుందో లెక్కపెట్టండి. నిరుడు మా పెరట్లో దింపు తీస్తున్న రోజున ఒక ఎండుమట్ట జారి తీగ మీద పడింది. తీగ తెగలేదు, స్తంభం దగ్గర మడత పడిందంతే. అయినా రౌటర్ మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న, సిగ్నలు అందడం లేదని చెప్పే దీపం ఎర్రగా కొట్టుకోసాగింది. ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నని గాజుపోగు, అందులో ప్రయాణించేది వెలుగు. గట్టిగా వంగినచోట ఆ వెలుగు బయటికి పోతుంది. ఆపరేటర్ మనిషి వచ్చి సరిచేసేసరికి నాలుగు రోజులు పట్టింది. అందుకే ఆపరేటర్ మాటను నమ్మి ఊరుకోకుండా, అదే లైనులో ఉన్న రెండు ఇళ్లవారిని, తీగ తెగితే ఎన్నాళ్లకు వచ్చి అతికించారో అడిగి తెలుసుకోండి. నా దృష్టిలో స్పీడుకన్నా ఈ జవాబే ముఖ్యం.

మరమ్మతు త్వరగా జరిగే చోట మాత్రం ఫైబర్‌కు సాటి లేదు. తీగ బాగున్నంతకాలం వాన పడినా వెలుగు తగ్గదు. ఆన్‌లైన్ క్లాసులు, ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారికి అవసరమైన అప్‌లోడ్ స్పీడు కూడా సాధారణంగా ఇందులోనే మెరుగ్గా ఉంటుంది. గాజుపోగు విద్యుత్తును మోయదు గాని, రౌటర్ అడాప్టర్ ఉండేది కరెంటు ప్లగ్గులోనే కాబట్టి ఉరుములు మొదలవగానే దాన్ని తీసేయాలి.

తీగ లేని కనెక్షన్ విషయానికి వస్తే, 2023లో ఎయిర్‌టెల్, జియో కంపెనీలు ఎయిర్‌ఫైబర్ పేరుతో తెచ్చినవి 5జీ సిగ్నలు మీద నడుస్తాయి. డాబా మీద టవర్ వైపు తిప్పి ఒక పెట్టె బిగించి, అక్కడినుంచి ఇంట్లోని రౌటర్‌కు తీగ దింపుతారు. పెట్టించుకునే ముందు అదే కంపెనీ సిమ్ ఉన్న 5జీ ఫోనుతో, ఆ పెట్టె బిగించబోయే చోటే నిలబడి, పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిది తొమ్మిది మధ్య ఒకసారి, వాన పడుతున్నప్పుడు ఒకసారి పరీక్షించండి. రాత్రిపూట ఎందుకంటే, టవర్ ఇచ్చే స్పీడును ఊరంతా పంచుకునే వేళ అది. వానలో ఎందుకంటే, తడిసిన ఆకులు సిగ్నలును మరింతగా పీల్చుకుంటాయి. ఎండలో బాగున్న సిగ్నలు తోట తడిశాక నీరసించిపోతే ఆ ఇంటికి అది తగదు.

లంక గ్రామాలవారి సంగతి వేరు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన 2022 జులై వంటి వరదలో ఏటిపాయ దాటి వచ్చి తీగ అతికించేవారు దొరకరు; అక్కడ సిగ్నలు ఏమాత్రం బాగున్నా తీగ లేనిదే తీసుకోవడం మంచిది. అయితే 1996 నవంబరు నాటి తుపాను వంటిది వస్తే స్తంభాలూ టవర్లూ రెండూ నమ్మదగినవి కావు. కాబట్టి ఏది తీసుకున్నా, ఇంట్లో వేరే కంపెనీ సిమ్ ఒకటి రీచార్జితో ఉంచుకోండి. అద్దె ఇంట్లో ఉండి తరచూ మారేవారికీ తీగ లేనిదే సులువు. ఇద్దరే ఉండి, సాయంత్రం కాసేపు వీడియోలు చూసేవారికి ఫోను డేటా చాలు.

డబ్బు కట్టేటప్పుడు ప్లాను ధర మీద 18 శాతం జీఎస్టీ అదనమో, కలిపే చెప్పారో అడగండి. ఆరు నెలలకు ఒకేసారి కడితే తగ్గిస్తామన్నా, వీలైతే మొదట ఒక నెలకే కట్టి చూడండి. కరెంటు పోయినా రౌటర్ ఆగకుండా చిన్న యూపీఎస్ ఒకటి కొనుక్కోవచ్చు. చాలా రౌటర్లకు 12 వోల్టులది సరిపోతుంది, అయినా అడాప్టర్ మీద రాసి ఉన్న అంకె చూసే కొనండి. ఫైబర్ వేయించుకుంటే, గోడ దగ్గర రెండు మూడు మీటర్ల తీగను వెడల్పాటి చుట్టగా వదిలిపెట్టమని చెప్పండి. ఇంటి దగ్గర తెగినప్పుడు కొత్త తీగ లాగే పని లేకుండా అక్కడికక్కడే అతికించవచ్చు.