ఫైర్‌ఫాక్స్‌లో మాయమైన ట్యాబ్‌లు
ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ మూసి తెరిస్తే చాలు, నిన్నటి ట్యాబ్‌లన్నీ మాయం. కరెంటు బిల్లు, పిల్లాడి ఫీజు రసీదు, సగం చదివిన వ్యాసాలు, ఒక్కటీ లేదు. సెట్టింగ్స్‌లో పాత ట్యాబ్‌లు తెరవమనే బాక్స్ వెలిసిపోయి ఉంది, టిక్ పడదు.

కిటుకు ప్రైవసీ పేజీలో దొరికింది. హిస్టరీ ఎప్పుడూ గుర్తుంచుకోవద్దని మా తమ్ముడు పెట్టి ఉంచాడు. అంటే బ్రౌజర్ మొత్తం హిస్టరీ మిగల్చని ప్రైవేట్ మోడ్‌లోనే నడుస్తోందన్నమాట. ఇలా ఉన్నప్పుడు ప్రైవేట్ విండోకి మామూలుగా ఉండే ఊదారంగు ముసుగు గుర్తు కనిపించదు, ఇంక అనుమానం ఎలా వస్తుంది?

దాన్ని గుర్తుంచుకొమ్మని మార్చి రీస్టార్ట్ చేశాక టిక్ పడింది. బ్యాంకు పనికి కంట్రోల్, షిఫ్ట్, పీ నొక్కి విడిగా ప్రైవేట్ విండో తెరుస్తున్నా. అది మూసినా మామూలు ట్యాబ్‌లు కదలవు. ప్రైవేట్ ట్యాబ్‌లనే పోకుండా ఉంచుకోవాలంటే కంట్రోల్, షిఫ్ట్, డీ నొక్కితే అన్నీ బుక్‌మార్కుల్లోకి వెళ్తాయి. కాకపోతే ఆ కంప్యూటర్‌లో అదే ఫైర్‌ఫాక్స్ వాడే ఇంట్లోవాళ్లందరికీ కనిపిస్తాయి!