అల్యూమినా కడ్డీలతో మైక్రోవేవ్‌లను ఆపడం, మలుపు తిప్పడం ఎలా?

ఫోటానిక్ క్రిస్టల్ (ఒకే దూరంలో పదేపదే పేర్చి, కొన్ని తరంగాలను లోపలికి రానివ్వకుండా చేసే నిర్మాణం) అనగానే నానోమీటర్లు, క్లీన్‌రూమ్‌లు గుర్తొస్తాయి. నేర్చుకోవడానికి అవేవీ అక్కర్లేదు. నిర్మాణం సైజు ఎన్ని రెట్లు పెంచితే అది పట్టించుకునే తరంగదైర్ఘ్యమూ అన్ని రెట్లు పెరుగుతుంది, ప్రవర్తన మాత్రం మారదు. అందుకే ఈసీఈ ల్యాబ్‌లో ఉండే ఎక్స్‌-బ్యాండ్ గన్ బెంచ్ (గన్ డయోడ్‌తో సుమారు 8-12 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌లు పుట్టించి కొలిచే పరికరాల వరుస) మీదే దీన్ని కట్టి కొలవొచ్చు.

కొలతలు

అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్ సెరామిక్) కడ్డీలను చదరపు గడుల్లో నిలబెట్టాలి. వ్యాసార్థం కడ్డీల కేంద్రాల మధ్య దూరంలో 0.2 వంతు, పర్మిటివిటీ (పదార్థం విద్యుత్ క్షేత్రానికి ఎంతగా స్పందిస్తుందో చెప్పే సంఖ్య) 8.9 అనుకుందాం. ఆ దూరాన్ని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వచ్చే విలువ 0.32 నుంచి 0.44 మధ్య ఉంటే, గడుల తలంలో ఏ దిశలోనూ తరంగానికి దారి ఉండదు. 5 మి.మీ. వ్యాసం కడ్డీలను 12.5 మి.మీ. దూరంలో పెడితే ఈ నిషిద్ధ పట్టీ సుమారు 7.7 నుంచి 10.6 గిగాహెర్ట్జ్ దాకా వస్తుంది. స్వచ్ఛత బాగా ఎక్కువున్న అల్యూమినా పర్మిటివిటీ 9.7 వరకూ ఉంటుంది, అప్పుడు అంచులు కాస్త కిందికి జరుగుతాయి.

కట్టడం

150 మి.మీ. పొడవున్న కడ్డీలు 105 కావాలి: వరుసకు 15 చొప్పున 7 వరుసలు. థర్మోకపుల్‌కు వాడే సెరామిక్ గొట్టాలు సులభంగా దొరుకుతాయి కానీ లోపల బోలు, వాటితో పట్టీ ఇరుకైపోతుంది. గట్టి కడ్డీలే అడగండి.

రెండు యాక్రిలిక్ షీట్లలో 5.1 మి.మీ. రంధ్రాలు లేజర్‌తో కోయించి, కడ్డీల పై కొసలకు ఒకటి, కింది కొసలకు ఒకటి తొడగండి. చేత్తో డ్రిల్ చేస్తే ప్రతి రంధ్రాన్నీ ఒకే మూల నుంచి కొలవండి. పక్క రంధ్రం నుంచి కొలుస్తూ పోతే చిన్న తప్పులన్నీ పోగుపడతాయి. మొత్తం గడి 2 శాతం పెద్దదైతే పట్టీ కొద్దిగా కిందికి జరుగుతుంది, అంతకుమించి నష్టం లేదు. కడ్డీలు ఒక్కోటి ఒక్కో వైపు వంగితేనే అంచులు మసకబారతాయి.

కొలవడం

హార్న్‌లను (గరాటులాంటి యాంటెన్నాలు) ఎదురెదురుగా పెట్టి, వేవ్‌గైడ్ (మైక్రోవేవ్‌లను నడిపే దీర్ఘచతురస్రపు లోహ గొట్టం) వెడల్పాటి గోడ అడ్డంగా ఉండేలా బిగించండి. అప్పుడు విద్యుత్ క్షేత్రం నిలువుగా, కడ్డీలకు సమాంతరంగా ఉంటుంది. ముందు కడ్డీలు లేకుండా రీడింగ్ తీసుకోండి. తర్వాత 7 వరుసలను మధ్యలో పెట్టి, అదే రీడింగ్ వచ్చేదాకా అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తెలిసినంత మేర తగ్గించే భాగం) తగ్గించండి. తగ్గించిన డెసిబెల్సే క్రిస్టల్ ఆపిన మొత్తం. డిటెక్టర్ రీడింగ్‌ను నేరుగా నమ్మడం కన్నా ఇది మేలు. పట్టీ మధ్యలో 20 డెసిబెల్స్ కూడా తగ్గకపోతే తరంగం పక్కల నుంచి చుట్టి వస్తోందన్నమాట. అల్యూమినియం రేకులో 100 మి.మీ. చదరపు కిటికీ కోసి క్రిస్టల్ ముందు నిలపండి.

హార్న్‌ల మధ్య అటూ ఇటూ ప్రతిఫలించి ఏర్పడే స్థిర తరంగాలూ తప్పుదారి పట్టిస్తాయి. రిసీవర్‌ను 8 మి.మీ. వెనక్కి జరిపి మళ్లీ కొలిచి సగటు తీయండి.

ఇప్పుడు తప్పకుండా చేయాల్సిన పరీక్ష: రెండు హార్న్‌లనూ 90 డిగ్రీలు తిప్పండి. విద్యుత్ క్షేత్రం కడ్డీలకు అడ్డంగా మారుతుంది, అన్ని దిశల్నీ మూసే ఆ పట్టీ మాయమై సిగ్నల్ చాలావరకు తిరిగొస్తుంది. రాకపోతే మీరు కొలిచింది క్రిస్టల్‌ను కాదు, ఇంకేదో అడ్డాన్ని.

దారి తీయడం

అసలు అందం ఇక్కడుంది. క్రిస్టల్‌ను పావు మలుపు తిప్పి, 15 కడ్డీలున్న నడిమి వరుసను మొత్తం తీసేయండి. ఖాళీ వెడల్పు సుమారు 20 మి.మీ., అటూ ఇటూ మూడేసి వరుసలు. హార్న్ తీసి తెరిచిన వేవ్‌గైడ్ మూతిని ఆ సందుకు ఆనించండి, దాని లోపలి వెడల్పు 22.86 మి.మీ. కాబట్టి బాగానే అమరుతుంది. లోహపు గోడ ఒక్కటీ లేకుండా 9 గిగాహెర్ట్జ్ తరంగం సందు వెంబడే నడుస్తుంది. సందు మధ్యలో ఒక్క కడ్డీ నిలబెట్టి చూడండి, రీడింగ్ పడిపోతుంది.

90 డిగ్రీల మలుపుకు 11×11 గడి కావాలి. అంచు నుంచి నడిమి దాకా 6, అక్కడి నుంచి పక్కకు 5 కడ్డీలు తీస్తే మిగిలేవి 110, అంటే ఇంకో 5 కొనాలి. 1998లో సైన్స్ పత్రికలో వచ్చిన ప్రయోగంలో అల్యూమినా కడ్డీలతోనే, మిల్లీమీటర్ తరంగాలతో, ఇలాంటి మలుపు గుండా దాదాపు 100 శాతం ప్రసారం కనిపించింది. అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ అలా ఉండదు, కొన్నిచోట్ల మలుపే తరంగాన్ని వెనక్కి కొడుతుంది. గన్ ఫ్రీక్వెన్సీని మార్చే మైక్రోమీటర్‌ను చిన్న చిన్న అడుగుల్లో తిప్పుతూ వెతకండి. ప్రతి అడుగులోనూ ఫ్రీక్వెన్సీ మీటర్‌తో సరిచూశాకే రాసుకోండి.