హెచ్‌ఐవీ మందుల విషయంలో డాక్టర్‌తో కలిసి నిర్ణయం తీసుకోవడం ఎలా?

డాక్టర్ గదిలోంచి బయటికొచ్చాక "అయ్యో, అది అడగలేదే" అనుకోవడం హెచ్‌ఐవీ మందులు వాడే మనలో చాలామందికి అలవాటైపోయింది. లోపల ఉన్నది ఐదు నిమిషాలు, బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు, రిపోర్టు చూసి "బాగానే ఉంది, ఇవే వాడండి" అన్నారు, తలూపి వచ్చేశాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే తలూపాను. అప్పట్లో నాకు ఎఫావిరెంజ్ ఉండేది, రాత్రి పడుకునే ముందు వేసుకోవాలి, వేసుకుంటే తల తిరుగుడు, పీడకలలు. నైట్ డ్యూటీ ఉన్న రోజుల్లో ఆ మాత్రను కాగితంలో మడిచి జేబులో పెట్టుకుని తెల్లారి ఇంటికొచ్చాక వేసుకునేవాణ్ని, కొన్నిసార్లు ఆ మడత ఉతికిన చొక్కా జేబులో ముద్దగా దొరికేది. తిడతారని డాక్టర్‌కు చెప్పలేదు. చెప్పిన రోజున ఆవిడ నా డ్యూటీ వేళలు అడిగి, మందు మార్చడం గురించి మాట్లాడారు, అంతే.

కాబట్టి ముందు ఇంట్లో కూర్చుని ఒకటి తేల్చుకోండి, నిర్ణయాల్లో మీ మాట ఎంత ఉండాలని మీకుంది? కొందరికి అన్నీ తెలుసుకుని చివరి మాట తామే చెప్పాలని ఉంటుంది, కొందరికి డాక్టరూ తామూ మాట్లాడుకుని తేల్చుకోవాలని, ఇంకొందరికి "మీరే చెప్పండి డాక్టర్‌గారూ, నేను వాడతాను" అనడమే హాయి. ఏదీ తప్పు కాదు. పైగా అన్ని విషయాల్లోనూ ఒకేలా ఉండక్కర్లేదు. ఏ మందు అన్నది డాక్టర్‌కు వదిలేసి, ఏ వేళకు వేసుకోవాలి, ఇంట్లో ఎవరికి చెప్పాలి అన్నవి మీ చేతిలో ఉంచుకోవచ్చు. పాజిటివ్ అని తెలిసిన వారం బుర్ర పనిచేయదు, అప్పుడు అంతా డాక్టర్ మీద పెట్టిన మనిషే రెండేళ్లు పోయాక ప్రతి పరీక్షా ఎందుకని అడగొచ్చు.

తేల్చుకున్నది లోపలికి వెళ్లగానే చెప్పేయండి. "మందు మార్చే ముందు నాతో ఒకసారి మాట్లాడండి" లేదా "వివరాలన్నీ వింటే నాకు టెన్షన్ పెరుగుతుంది, ముఖ్యమైనవే చెప్పండి" అంటే చాలు. ఇది డాక్టర్‌ని ఎదిరించడం కాదు. అసలు మందే లేని రోజుల్లో, 1983లో, అమెరికాలోని డెన్వర్‌లో ఎయిడ్స్ ఉన్నవాళ్లు తమ చికిత్స గురించి పూర్తిగా తెలుసుకునే హక్కు, ఒప్పుకునే లేదా వద్దనే హక్కు తమకుందని రాసిపెట్టారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ధైర్యం వస్తుంది.

అన్నీ బేరమాడే విషయాలు కావు. రోగనిరోధక శక్తి ఎంతుందో చెప్పే సీడీ4 కణాల లెక్క ఎంతున్నా వెంటనే మందులు మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది, అందులో సందేహం పెట్టుకోవద్దు. మీ మాట చెల్లేది అసలు ఎలా వాడాలన్న దగ్గర. డోల్యుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మాత్రతో నిద్ర పట్టకపోతే పొద్దున వేసుకోవచ్చా అని అడగండి. బరువు పెరుగుతున్నా, పిల్లలు కావాలనుకుంటున్నా చెప్పండి. రోజూ మాత్ర దాచుకుని వేసుకోవడం కష్టమైతే రెండు నెలలకోసారి ఇచ్చే కాబోటెగ్రావిర్, రిల్పివిరిన్ ఇంజెక్షన్ల గురించి అడగండి. అవి అన్నిచోట్లా దొరకవు, ఇచ్చిన తేదీకి తప్పకుండా వెళ్లాలి, హెపటైటిస్ బి కూడా ఉంటే అవి మాత్రమే సరిపోవు. ఈ లెక్కలన్నీ మీ ముందు పెట్టమనడం మీ హక్కు.

దానికి బదులుగా మీరు ఇవ్వాల్సింది నిజం. ఎన్ని మాత్రలు తప్పాయో దాచితే, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, పెరిగినప్పుడు తప్పు మందుదా, వాడకానిదా అన్నది డాక్టర్‌కు తెలియదు. వాడే ప్రతిదీ, షాపులో కొన్న బలం మాత్రలతో సహా, సంచిలో వేసుకెళ్లి టేబుల్ మీద పెట్టండి. క్యాల్షియం, ఐరన్ మాత్రలు, కొన్ని అసిడిటీ మందులు డోల్యుటెగ్రావిర్‌ని ఒంటికి పట్టనివ్వవు, టీబీకి వాడే రిఫాంపిసిన్ ఉంటే దాని డోసే మారుతుంది.

వెళ్లేముందు మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి, అన్నిటికన్నా కష్టమైనది మొదట. సెక్స్ గురించి అడగడానికి సిగ్గయితే కాగితమే డాక్టర్ చేతికివ్వండి. వైరల్ లోడ్ పరీక్షలో కనబడనంతగా తగ్గి అలాగే నిలిస్తే సెక్స్ ద్వారా భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు, ఇది మీ రిపోర్టు చూపించి ఆయన నోటే చెప్పించుకోండి. లేచేముందు "నాకు అర్థమైంది ఇదీ" అని మీ మాటల్లో ఒకసారి చెప్పండి, తేడా ఉంటే అక్కడే దిద్దుతారు.

అయినా వినిపించుకోకపోతే కౌన్సెలర్‌తోనో నర్సుతోనో మాట్లాడండి, మీ సంగతి తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లండి, కుదిరితే డాక్టర్‌ని మార్చండి. ఆ కోపంలో మందులు మాత్రం ఆపకండి. కొత్త డాక్టర్ దొరికేదాకా పాత చీటీలోవే వాడుతూ, డబ్బాలో ఎన్ని రోజులకు మాత్రలున్నాయో ఈరోజే లెక్కపెట్టి చూసుకోండి.